ఆఫ్రికా నుంచి వచ్చాక ఇసినోఫిల్స్ పెరిగాయి, నులిపురుగుల మాత్రకి తగ్గలేదు – ఇప్పుడేం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీరు విశాఖపట్నం కూర్మన్నపాలెంలో మెస్ నడుపుతున్నారు. మీ తమ్ముడు టాంజానియాలో మ్వాంజా దగ్గర బోర్‌వెల్ పనికి వెళ్ళి ఆరు వారాల కిందట తిరిగొచ్చాడు. చివరి మూడు నెలలు విక్టోరియా సరస్సు ఒడ్డునే క్యాంపు, ప్రతి ఆదివారం ఈత. ఆఖరిసారి దిగింది విమానం ఎక్కడానికి వారం ముందు. వచ్చిన దగ్గర్నుంచి పొడిదగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం, ఒంటి మీద దద్దుర్లు. సీబీపీ అనే రక్తపరీక్షలో తెల్లకణాలు 11,000, వాటిలో ఇసినోఫిల్స్ అనే రకం 18 శాతం. మోషన్ టెస్ట్ ఒకసారి చేయిస్తే నార్మల్ అని వచ్చింది. ఆల్బెండజోల్ 400 రెండుసార్లు వేసినా మార్పు లేదు. ఇప్పుడు అలర్జీ అని స్టెరాయిడ్ రాశారు. జనవరిలో మళ్ళీ వెళ్ళాలి, ఈలోపు మెస్‌లో వంటకి సాయం చేస్తాడు, తినేవాళ్ళకి ఏమైనా అంటుతుందా అని మీ బెంగ.

పురుగుల సంగతికి ముందు మలేరియా. టాంజానియా నుంచి వచ్చి మూడు నెలలు తిరక్కముందే జ్వరం వస్తే, అదే రోజు మలేరియా స్మియర్, ర్యాపిడ్ కార్డు రెండూ చేయించాలి. ఒకసారి నెగెటివ్ వస్తే అయిపోయినట్టు కాదు, 12 నుంచి 24 గంటల తేడాతో మూడుసార్లు చూడాలి. ఇసినోఫిల్స్ పెరగడం మలేరియా లక్షణం కాదు గానీ, ఒకే మనిషికి రెండు జబ్బులూ ఉండకూడదన్న నియమమేమీ లేదు. మలేరియా పరీక్ష మాట మీరు రాసిన వాటిలో ఎక్కడా కనిపించలేదు, అందుకే ముందు రాస్తున్నాను.

తర్వాత స్టెరాయిడ్. ఇంకా మొదలుపెట్టకపోతే కింద రాసింది డాక్టరుగారికి చెప్పాకే మొదలుపెట్టండి. ఇప్పటికే కొన్ని రోజులుగా వేసుకుంటుంటే మీ అంతట మీరు ఠక్కున ఆపేయకుండా ఈ రోజే వెళ్ళి అడగండి. కారణం స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు. ఆడపురుగు పొడవు రెండు మూడు మిల్లీమీటర్లే, చిన్నపేగు గోడలో దూరి ఉంటుంది. మిగతా పేగు పురుగుల్లో చాలావాటి గుడ్లు మలంతో బయటికి పోయి, మట్టిలో ముదిరి, అప్పుడుగానీ ఇంకొకరికి ఎక్కవు. దీని గుడ్లు మాత్రం పేగులోనే పగిలి లార్వాలవుతాయి. వాటిలో కొన్ని బయటికే రాకుండా పేగు గోడనో, మలద్వారం దగ్గరి చర్మాన్నో తొలుచుకుని అదే మనిషిలోకి మళ్ళీ పోతాయి. అందుకే సరైన మందు పడేదాకా ఇరవై ముప్పై ఏళ్ళైనా ఒంట్లోనే కాపురం ఉంటుంది. మామూలు రోజుల్లో శరీరం దీన్ని అదుపులో పెడుతుంది. స్టెరాయిడ్ పడితే ఆ అదుపు పోతుంది. లార్వాలు వేలల్లో పెరిగి ఊపిరితిత్తులకీ మెదడుకీ పాకుతాయి, పోతూ పోతూ పేగులోని బ్యాక్టీరియాని రక్తంలోకి మోసుకెళ్తాయి. అప్పుడు రిపోర్టులో సెప్సిస్ (రక్తంలో ఇన్ఫెక్షన్) అని కనిపిస్తుంది గానీ పురుగు పేరు కనిపించదు. ఇంకో మోసం ఏమిటంటే, స్టెరాయిడ్ వేసిన రెండు రోజుల్లోనే ఇసినోఫిల్స్ పడిపోతాయి. ఇంట్లోవాళ్ళు "చూశారా, అలర్జీయే" అనుకుంటారు.

ఈ పురుగు కోసం ఆఫ్రికా దాకా వెళ్ళక్కర్లేదు కూడా. చెప్పుల్లేకుండా తడిమట్టిలో తిరిగే ఎవరికైనా ఎక్కుతుంది, మన ఏజెన్సీ ప్రాంతంలోనైనా, పొలం పనుల్లోనైనా. ఆయాసానికని ఆర్‌ఎంపీల దగ్గర తరచూ ఇంజెక్షన్ వేయించుకునే పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, ఆ ఇంజెక్షన్ ఏమిటో ఒకసారి అడిగి తెలుసుకోండి. చాలాసార్లు అది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడే.

ఇప్పుడు మీ రిపోర్టు. శాతం చూసి భయపడటమో ధైర్యపడటమో కాదు, మొత్తం లెక్క కట్టాలి. 11,000లో 18 శాతం అంటే 1,980. దీన్నే ఏఈసీ (ఇసినోఫిల్స్ మొత్తం సంఖ్య) అంటారు. 500 దాటితే ఎక్కువ కింద లెక్క. 1,980 అంటే చిన్న జలుబు అలర్జీతో సరిపెట్టుకునే అంకె కాదు. మందుల అలర్జీ, ఆస్తమా కూడా ఈ అంకె తెస్తాయి, కాదనను. కానీ ఉష్ణమండల దేశం నుంచి వచ్చి, మంచినీటి సరస్సులో దిగిన మనిషికి ముందు పురుగుల లెక్క తేల్చాలి, ఆ తర్వాతే అలర్జీ మాట.

ఆల్బెండజోల్ తగ్గించలేదు కాబట్టి పురుగులు కావు అన్న వాదన ఎక్కడ తప్పిందో చూడండి. 400 మి.గ్రా. ఒక్క మాత్ర ఏలికపాములకి బాగా పనిచేస్తుంది, కొంకిపురుగులకీ చాలావరకు పనిచేస్తుంది. ఫిబ్రవరి 10న స్కూళ్ళలో పిల్లలకి వేసేది అందుకే, అక్కడ ఆ మాత్ర సరైనదే. స్ట్రాంగిలాయిడిస్ మీద ఒక్క మాత్ర దాదాపు దండగ. ఇక సరస్సు నీళ్ళ నుంచి వచ్చే షిస్టోసోమా మీద అది పనిచేయనే పనిచేయదు. దాని మందే వేరు. తాళం ఒకటి, తాళంచెవి ఇంకొకటి.

మీ తమ్ముడి విషయంలో నాకు అన్నిటికంటే అనుమానం ఈ షిస్టోసోమా మీదే. బిల్హార్జియా అని కూడా అంటారు, మ్వాంజాలో స్వాహిలీలో కిచోచో అంటే అందరికీ తెలుస్తుంది, మీ తమ్ముడు కూడా వినే ఉంటాడు. సరస్సు అంచున, గడ్డీ నాచూ ఉన్న చోట ఒక రకం నత్తలుంటాయి. వాటిలోంచి కంటికి ఆనని లార్వాలు ఎండ ముదిరే వేళకి నీళ్ళలోకి విడుదలవుతాయి. తోక సాయంతో ఈదుకుంటూ వచ్చి, మనిషి చర్మం తగిలితే కొద్ది నిమిషాల్లోనే తోక వదిలేసి లోపలికి దూరిపోతాయి. నోట్లోకి నీళ్ళు పోనక్కర్లేదు, ఒంటి మీద గాయం ఉండనక్కర్లేదు, మోకాలి లోతులో నిలబడితే చాలు. దూరిన కొన్ని వారాలకి, సాధారణంగా మూడు నుంచి ఎనిమిది వారాల మధ్య, శరీరం ఎదురుతిరుగుతుంది: సాయంత్రం జ్వరం, పొడిదగ్గు, దద్దుర్లు, ఇసినోఫిల్స్. దీనికి కటయామా జ్వరం అని పేరు. మీరు రాసిన లక్షణాలు అచ్చంగా అవే. పుట్టినప్పటి నుంచి ఆ ఒడ్డునే ఉన్నవాళ్ళలో ఈ జ్వరం అరుదు, కొత్తగా వెళ్ళినవాళ్ళకే ఎక్కువ. అందుకే "అక్కడివాళ్ళందరూ దిగుతారు, వాళ్ళకేం కాలేదు" అన్న మాటకి విలువ లేదు.

సముద్రపు నీళ్ళతో ఇది రాదు. మన ఊళ్ళో ఓడల మీద పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, రేవులో సముద్ర స్నానం వేరు, ఒడ్డున దిగి నదిలోనో చెరువులోనో మునగడం వేరు.

పరీక్షల దగ్గర జరిగే పొరపాట్లలో మొదటిది సమయం. పురుగు పెరిగి గుడ్లు పెట్టడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆలోపు మోషన్‌లో గుడ్డు కనిపించదు. యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ కావడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు. మీ తమ్ముడు మొదటిసారి దిగి నాలుగున్నర నెలలైంది, ఆఖరిసారి దిగి ఏడు వారాలు. అంటే ముదురు పురుగులూ లేత పురుగులూ రెండూ ఉండొచ్చు. కాబట్టి ఇప్పుడొకసారి పరీక్ష, నెగెటివ్ వస్తే ఆఖరి ఈతకి మూడు నెలలు నిండాక ఇంకోసారి.

రెండో పొరపాటు నమూనా. "మోషన్ రొటీన్" అని చీటీ రాస్తే ల్యాబ్‌లో ఒక చుక్క సెలైన్‌లో కలిపి చూసి వదిలేస్తారు. పురుగులు తక్కువుంటే అందులో దొరకవు. చీటీ మీద "గుడ్లు, లార్వాల కోసం, కాన్సంట్రేషన్ పద్ధతిలో, మూడు నమూనాలు" అని రాయించుకోండి. రోజు విడిచి రోజు మూడుసార్లు ఇవ్వాలి. పొడి డబ్బాలో, మూత్రం గానీ కుళాయి నీళ్ళు గానీ కలవకుండా, ఉసిరికాయంత. తీసిన గంట రెండు గంటల్లో ల్యాబ్‌లో ఉండాలి. పొద్దున్న తీసి, మెస్ పని అయ్యాక మధ్యాహ్నం పట్టుకెళ్తే పనికిరాదు. ఫ్రిజ్‌లో పెడితే స్ట్రాంగిలాయిడిస్ లార్వాలు చచ్చిపోతాయి, ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్షకి పనికిరావు. యాంటీబయాటిక్, ఆముదం లాంటివి వాడుతుంటే ముందే చెప్పండి.

ఆలస్యమైతే ఇంకో చిక్కుంది. కొంకిపురుగు గుడ్లు నిలవ ఉన్న నమూనాలో పగిలి లార్వాలవుతాయి. అవి మైక్రోస్కోపులో స్ట్రాంగిలాయిడిస్ లార్వాల్లాగే కదులుతూ కనిపిస్తాయి. తేడా అంతా నోటి దగ్గర: కొంకిపురుగు లార్వాకి నోటి గొట్టం పొడుగు, స్ట్రాంగిలాయిడిస్‌కి పొట్టి. అలవాటున్న కన్ను ఆ తేడా పట్టుకుంటుంది, హడావిడిలో ఉన్న కన్ను పట్టుకోదు. ఈ రెండింటికీ మందు వేరు కాబట్టి పొరపాటు ఖరీదైనదే. తాజా నమూనాలో లార్వా కనిపిస్తే అనుమానం అక్కర్లేదు, అది స్ట్రాంగిలాయిడిసే.

మూత్రం కూడా పంపండి. విక్టోరియా సరస్సులో ఎక్కువగా పేగుకి సంబంధించిన రకమే గానీ, టాంజానియాలో మిగతా చోట్ల మూత్రపు సంచికి పట్టే రకం కూడా ఉంది, బోర్‌వెల్ పని ఒక్క ఊళ్ళో ఉండదు కదా. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్య, ఆఖర్న వచ్చే మూత్రం పట్టాలి. గుడ్లు ఆ వేళకే, ఆ చివరి చుక్కల్లోనే ఎక్కువ. మూత్రం చివర ఎర్రగా పడుతుంటే తప్పకుండా చెప్పాలి.

యాంటీబాడీ పరీక్షలు రెండు: స్ట్రాంగిలాయిడిస్ ఐజీజీ, షిస్టోసోమా ఐజీజీ. ఇవి ఊళ్ళో అన్ని ల్యాబ్‌ల్లో చేయరు, రక్తం తీసుకుని బయటి ఊరికి పంపిస్తారు, కొన్ని రోజులు పడుతుంది. మోషన్ పరీక్షకి వీధి చివరి ల్యాబ్ కంటే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కి వెళ్ళి, ఆంధ్రా మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ వాళ్ళ దాకా నమూనా చేరేలా రాయించుకోవడం మేలని నా అభిప్రాయం. పొట్ట స్కానింగ్ ఒకటి తీయించి కాలేయం, మూత్రపు సంచి చూడమనండి.

నడుం దగ్గరో పిరుదుల మీదో దురదతో ఎర్రటి గీత వస్తే బాల్‌పెన్‌తో దాని కొసన గుర్తు పెట్టండి. గంట తర్వాత చూస్తే అయిదు పది సెంటీమీటర్లు ముందుకు పోయి ఉంటే అది స్ట్రాంగిలాయిడిస్ లార్వా పరుగు. ఆర్కే బీచ్ ఇసకలో కుక్కల కొంకిపురుగు ఎక్కి వచ్చే గీత కూడా వంకర్లు తిరుగుతుంది గానీ, అది రోజుకి ఒకటి రెండు సెంటీమీటర్లకి మించి కదలదు. ఫోను కెమెరాతో రెండు ఫొటోలు తీసి పెట్టుకుంటే డాక్టరుగారికి సగం పని తగ్గుతుంది.

ఇంకొక హెచ్చరిక. మన కోస్తా జిల్లాల్లో బోదకాలు ఎప్పటి నుంచో ఉంది. అందుకని ఇసినోఫిల్స్ పెరిగి దగ్గుంటే బోదకాలుకి ఇచ్చే డీఈసీ మాత్రలు, అంటే హెట్రజాన్, బానోసైడ్ లాంటివి, రాసేసే అలవాటు ఇక్కడ బాగా ఉంది. ఎక్కడికీ వెళ్ళని మనిషికి, రాత్రిపూట దగ్గు, ఏఈసీ 3,000 పైన ఉంటే ఆ ఆలోచన సరైనదే. ఆఫ్రికా వెళ్ళొచ్చిన మనిషికి మాత్రం గుడ్డిగా వేయకూడదు. కామెరూన్, గాబన్, కాంగో, నైజీరియా వైపు లోవా లోవా అనే పురుగుంది, చర్మం కింద పాకుతుంది, ఒక్కోసారి కంటి తెల్లగుడ్డు మీద కదులుతూ కనిపిస్తుంది. దాని పిల్లలు రక్తంలో ఎక్కువగా ఉన్నప్పుడు డీఈసీ గానీ ఐవర్‌మెక్టిన్ గానీ పడితే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. టాంజానియాలో లోవా లేదు, కానీ అక్కడ కొన్ని కొండ ప్రాంతాల్లో ఆంకోసెర్కా అనే ఇంకో పురుగు ఉంది; దాని మీద డీఈసీ పడితే ఒళ్ళంతా మంట, కంటికి హాని. కాబట్టి పాస్‌పోర్టు ముందు పెట్టుకుని ఏ దేశంలో, ఏ ఊళ్ళో, ఎన్ని రోజులో కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. "ఆఫ్రికా వెళ్ళాడు" అన్న ఒక్క ముక్కతో డాక్టరుకి ఏమీ తెలియదు. లోవా ఉన్న దేశాల్లో తిరిగినవాళ్ళకి పగలు 10 నుంచి 2 గంటల మధ్య రక్తం తీసి చూడాలి, మన బోదకాలు పురుగుకైతే రాత్రి 10 దాటాక. వేళ తప్పితే రిపోర్టు నెగెటివే వస్తుంది.

మందులు. ఇవి చీటీ రాయించుకుని వాడాల్సినవే, మోతాదు రాస్తున్నది మీకు చేతికి వచ్చిన చీటీ సరిగా ఉందో లేదో తెలియడానికి. స్ట్రాంగిలాయిడిస్‌కి ఐవర్‌మెక్టిన్, కిలోకి 200 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి 12 మి.గ్రా., పరగడుపున, వరసగా రెండు రోజులు. కొందరు రెండు వారాల తర్వాత మళ్ళీ ఇస్తారు. స్టెరాయిడ్ తప్పనిసరైతే, యాంటీబాడీ రిపోర్టు కోసం ఆగే తీరిక లేకపోతే, లోవా దేశాలకి వెళ్ళలేదని తేల్చుకుని ముందు ఐవర్‌మెక్టిన్ ఇచ్చేయడం వాడుకలో ఉన్న పద్ధతే. డాక్టరుగారిని ఈ మాటే అడగండి. కటయామా జ్వరం తీవ్రంగా ఉంటే నిజంగానే కొద్ది రోజులు స్టెరాయిడ్ ఇస్తారు, కాబట్టి ఆయన రాసిన మందు తప్పని నేననడం లేదు, ముందు వెనకలు మారకూడదు, అంతే.

షిస్టోసోమాకి ప్రాజిక్వాంటెల్, కిలోకి 40 మి.గ్రా. 60 కిలోలకి 2,400, అంటే 600 మాత్రలు నాలుగు. ఒకే రోజు, రెండు భాగాలుగా నాలుగైదు గంటల తేడాతో, భోజనం చేశాక. నమిలితే విపరీతమైన చేదు, వాంతయ్యే ప్రమాదం ఉంది, గబుక్కున మింగెయ్యాలి. ఆ రోజూ మర్నాడూ బండి నడపొద్దు, కళ్ళు తిరుగుతాయి. ఈ మందు ముదురు పురుగుల్ని చంపుతుంది, లేతవాటి మీద బలహీనం. పైగా జ్వరం మంట మీద ఉన్నప్పుడు వేస్తే లక్షణాలు ఒక్కసారిగా ఎక్కువ కావొచ్చు. ఇప్పుడు వేయాలా, ఆగి వేయాలా అన్నది డాక్టరు మనిషిని చూసి తేల్చాలి. ఏది చేసినా, ఆఖరి ఈతకి పన్నెండు వారాలు నిండాక ఒక మోతాదు పడాల్సిందే. టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నవాళ్ళకి ప్రాజిక్వాంటెల్ పనిచేయదు, కలిపి ఇవ్వరు. ఎప్పుడైనా మూర్ఛ వచ్చినా, చర్మం కింద గట్టి గడ్డలున్నా, చూపు తేడాగా ఉన్నా ఈ మందు వేసేముందు చెప్పి తీరాలి: మెదడులోనో కంటిలోనో బద్దెపురుగు తిత్తులుంటే ఈ మందుకి అవి వాచి ఫిట్స్ రావొచ్చు, కన్ను పోవచ్చు.

ప్రాజిక్వాంటెల్ ప్రతి మెడికల్ షాపులో ఉండదు, ఆర్డరు పెట్టించుకోవాలి. దొరకలేదని కుక్కల మందుల షాపు నుంచి తెచ్చుకోకండి. వాటిలో వేరే మందులు కూడా కలిపి ఉంటాయి, మోతాదు కుక్క బరువుకి కట్టింది.

మందు పడ్డ వెంటనే ఇసినోఫిల్స్ ఇంకా పెరగొచ్చు, కంగారు పడొద్దు. నెలా రెండు నెలలకి మోషన్ మళ్ళీ చూపించండి, మూడు నెలలకి సీబీపీ. షిస్టోసోమా యాంటీబాడీ ఏళ్ళ తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది, తగ్గిందా లేదా చూడటానికి దాన్ని మళ్ళీ చేయించడం డబ్బు దండగ.

మెస్ సంగతి. షిస్టోసోమా మనిషి నుంచి మనిషికి అంటదు. మలమో మూత్రమో మంచినీళ్ళలో పడాలి, ఆ నీళ్ళలో దానికి సరిపడే నత్త ఉండాలి, అప్పుడుగానీ చక్రం తిరగదు. స్ట్రాంగిలాయిడిస్, కొంకిపురుగు కూడా వంట చేతుల మీదుగా రావు, మట్టి మీదుగా వస్తాయి. వంటింట్లో నిజంగా భయపడాల్సింది పంది మాంసపు బద్దెపురుగుకి. సరిగా ఉడకని మాంసం తిన్నవాడి పేగులో పురుగు పెరుగుతుంది, అతనికి పెద్ద బాధేమీ ఉండదు. అతని చేతుల మీదుగా గుడ్లు పచ్చి కొత్తిమీర మీదికో, సలాడ్‌లోకో చేరితే, అది తిన్నవాళ్ళ మెదడులో తిత్తులు కడతాయి, ఫిట్స్ వస్తాయి. జన్మలో మాంసం ముట్టనివాళ్ళకి కూడా అలాగే వస్తుంది. ఇది మీ తమ్ముడికే కాదు, ఏ రాష్ట్రం నుంచి వచ్చి మీ దగ్గర పనిచేస్తున్న కుర్రాడికైనా, మన ఊరివాడికైనా ఒకటే. పనిలో పెట్టుకునే ముందు మూడు మోషన్ నమూనాలు చూపించండి, "తెల్లటి రిబ్బను ముక్కలు పడుతున్నాయా" అని సిగ్గుపడకుండా అడగండి. పడితే గ్లవ్స్‌తో ఒక ముక్క సెలైన్‌లో వేసి ల్యాబ్‌కి పంపాలి, ఎందుకంటే గొడ్డు మాంసపు రకం గుడ్డూ పంది రకం గుడ్డూ మైక్రోస్కోపులో ఒకేలా ఉంటాయి, ముక్కని చూస్తేనే తేలుతుంది. చికిత్స నిక్లోసమైడ్ 2 గ్రాములు ఒక్కసారి, నమిలి మింగాలి. అది పేగు దాటి రక్తంలోకి పోదు, కాబట్టి మెదడు తిత్తుల భయం ఉన్నచోట అదే నయం. దొడ్డికి వెళ్ళొచ్చాక సబ్బుతో చేతులు, గోళ్ళు కత్తిరించి ఉండటం, పచ్చిగా వడ్డించేవి పారే నీళ్ళలో కడగడం మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

మీ తమ్ముడు జ్వరం తగ్గాక మెస్‌లో పనిచేయొచ్చు. ఇంట్లో అందరికీ ఐవర్‌మెక్టిన్ పంచిపెట్టక్కర్లేదు.

జనవరిలో వెళ్ళేటప్పుడు: దీనికి ముందే వేసుకునే మాత్ర లేదు, టీకా లేదు. సరస్సులో దిగకపోవడమే పద్ధతి. తువ్వాలుతో గట్టిగా తుడుచుకుంటే చాలంటారు, దాన్ని నమ్ముకోవద్దు. క్యాంపుకి సరస్సు నీళ్ళే దిక్కైతే, నత్తలు రాకుండా వడకట్టి ట్యాంకులో రెండు రోజులు నిలవ ఉంచాలి. లార్వాలు అంతకంటే ఎక్కువ బతకవు. తొందరైతే ఒక నిమిషం తెర్లే దాకా కాచి స్నానం చేయాలి. తాగడానికి ఎలాగూ కాచిన నీళ్ళే. బోరు గుంట దగ్గర బురదలో గమ్‌బూట్లు వేసుకోవాలి. మళ్ళీ తిరిగొచ్చాక ఒంట్లో ఏమీ లేకపోయినా, ఆఖరిసారి నీళ్ళలో దిగిన తేదీ రాసి పెట్టుకుని, మూడు నెలలకి ఏఈసీ, మోషన్, మూత్రం ఒకసారి చూపించుకోవాలి. ఈలోపు ఎప్పుడైనా కాళ్ళు పట్టు తప్పడం, మూత్రం బిగుసుకుపోవడం, ఫిట్స్, ఊపిరాడకపోవడం కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్ళి సరస్సు సంగతి మొదటి మాటగా చెప్పండి. ఆ గుడ్లు వెన్నుపాముకి చేరడం అరుదే, కానీ చేరితే గంటలు లెక్కలోకి వస్తాయి.